పట్టినా, ఇడిసినా

మా మనమరాలు బెంగుళూరులో కంప్యూటర్ల పని చేస్తాది. పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడు ఒక చిన్న యంత్రాన్ని గూడా సంచిలో పెట్టుకొచ్చింది. దానికీ కంప్యూటరుకూ నడుమ ఒక తీగ తగిలించి, వసారాలో కూచోని పొద్దుట్నుంచీ ఒకటే గొణుక్కుంటాంది. ఏమ్మా అని అడిగితే, "పోర్టు బిజీ అంటాంది తాతా. ఎవురూ వాడకుండానే బిజీ అంటాంది" అనింది.

నా చదువు నాలుగో తరగతి కాడ నిలిచిపోయింది. అయినా అదేందో చెప్పమని అడిగినాను. పాప ఓపికగా చెప్పింది. ఆ తీగ దూరే సందును సీరియల్ పోర్టు అంటారంట. దాంట్లో మాటలు ఒకదాని ఎనక ఒకటి చీమలబారు మాదిరి పోతాయంట. కంప్యూటరు లోపల ఒకే గడియలో ఎన్నో పనులు నడుస్తాంటాయి. రెండు పనులు ఒకే తీగ మింద ఒకేసారి మాట్లాడితే అంతా కలగాపులగం. అందుకని ముందొచ్చిన పని బీగం మాదిరి ఒక గుర్తు పెట్టి, దాని మింద తన నంబరు రాసుకుంటాదంట. ఆ గుర్తు ఉన్నంతసేపూ తక్కినవి తీగను ముట్టకూడదు. పని అయినాక గుర్తు తీసేయాల.

మరి తీసేయకుండానే ఆ పని నడుమలో చచ్చిపోతే, అని అడిగినాను.

పాప నా పక్క చిత్రంగా చూసింది. "ఇప్పుడు జరిగింది అదే తాతా. బీగం ఉండాది, ఏసినోడు లేడు. ఆ నంబరోడు బతికుండాడా లేదా అని ముందు చూడాల. లేడంటే బీగం తీసేసి మన పని చేసుకోవచ్చు" అనింది. టకటకా ఏందో కొట్టింది. తీగ దోవకొచ్చింది.

నేను లేచి పెరట్లోకి పోయినాను. ఉన్న చోట నిలబడలేకపోయినాను. అంత చిన్న మాట నా ఉద్యోగం రోజుల్లో ఎవరన్నా నాకు చెప్పుంటే, ఒక మనిషికి రెండు కాళ్ళూ ఉండేవి. కొత్తగా పనుల్లో చేరే పిల్లలకు చెప్పాలని ఆ సంగతి ఇప్పుడు రాస్తాండాను. పేర్లు రాయను. ఉన్నోళ్ళూ పోయినోళ్ళూ అందరూ నాకు కావాల్సినోళ్ళే.

అరవైల్లో మా సీమకు కాలవ నీళ్ళు కొత్తగా వచ్చినాయి. వాన పడితే చేలల్లో వజ్రాలు ఎతుక్కునే వజ్రకరూరు పక్క జనం, ఆ ఏడు బండ్లు కట్టుకోని నీళ్ళను చూసిపోవడానికి వచ్చినారు. పారే నీళ్ళను చూసి మొక్కిన ముసలోళ్ళు ఉండారు. ఆ కాలవ మింద నేను లస్కరును. లస్కరంటే కాలవ కావలోడు. గేజిరాయి మింద నీళ్ళు ఎంత మట్టానికి ఉండాయో చూసి చెప్పాల, చెప్పినప్పుడు గేటు షట్టరు ఎత్తాల, దించాల, కట్ట మిందికి గొడ్లు రాకుండా తరమాల.

పైన నీళ్ళు వదిలే చోటు హెడ్డు గేటు. దాని కింద నాలుగేసి మైళ్ళకు ఒకటి లెక్కన ఐదు గేట్లు. నాది మూడోది. ఆరు చోట్లకూ కలిపి ఒకటే ఫోను తీగ. పిడి తిప్పితే ఆరు గదుల్లోనూ గంట మోగుతాది. ఒక గంటయితే ఒకటో గేటుకు, రెండయితే రెండోదానికి, పొడుగ్గా మోగితే హెడ్డుకు. ఎవరికి మోగినా అందరూ ఎత్తుకోవచ్చు, అందరూ వినచ్చు, అందరూ మాట్లాడచ్చు. చిక్కంతా ఆడనే వచ్చింది.

మొదటి ఏడు ఆ తీగ సంత మాదిరి ఉండేది. హెడ్డాయన రెండో గేటును దించమంటాంటే, ఓవర్సీరు సారు నాలుగో గేటు కాణ్ణుంచి ఎవరినో ఎత్తమనేవాడు. మేం మేం ఒకరి మాట ఒకరికి తగిలించుకునేవాళ్ళం. అట్లనే ఒకనాడు ఎవరికో చెప్పిన "అర అడుగు ఎత్తు" ఐదో గేటులో పడింది. ఆయప్ప ఎత్తేసినాడు. కింద ఒక రైతు కళ్ళంలో ఆరబోసిన శెనక్కాయలు తేలుకుంటా పోయినాయి. ఆ రైతు తడిసిన కాయలు గంపలో ఎత్తుకోనొచ్చి ఓవర్సీరు ముందర కుమ్మరించి, నీళ్ళు మీరే పోసినారు గదా సారూ, ఉప్పేసి ఉడకబెట్టుకోండి అని చెప్పి పోయినాడు.

ఓవర్సీరుది కోస్తా పక్క. మంచోడే గానీ మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది. ఆ పొద్దు అందరినీ పిలిపించి, ఏదో ఒకటి చెయ్యకపోతే తన ఉద్యోగం పోతుందని తల పట్టుకున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచినాను. నాకు మాట్లాడే జబ్బు చిన్నప్పట్నుంచీ ఉండాది.

మా పల్లెలో ఎండకాలం వస్తే ఒక బాయిలోనే నీళ్ళుండేవి. దానికి ఒకటే చేంతాడు. తాడు చేతులు మారేటప్పుడు ఇద్దరూ ఒకేసారి వదిలేస్తే, తాడూ బొక్కెనా రెండూ బాయిలో పడతాయి. అందుకని ఆడోళ్ళు ఒక అలవాటు పెట్టుకున్నారు. తాడు అందుకున్న ఆమె "పట్టినా" అనాల. పని అయినాక "ఇడిసినా" అనాల. ఇడిసినా అనే మాట వినపడందే ఇంకొకరు తాడు ముట్టకూడదు. మా తీగకు గూడా ఇదే పెడదాం సారూ అన్నాను. ఎత్తుకోగానే గేటు నంబరు చెప్పి "పట్టినా" అనాల, అయిపోతే "ఇడిసినా" అనాల. నడుమలో ఎవురూ నోరెత్తకూడదు.

ఓవర్సీరు మొగం ఎలిగిపోయింది. కాగితం మింద రాయించి ఆరు గదుల్లోనూ అతికించినాడు. నడుమలో మాట్లాడినోళ్ళకు మెమో అని కింద ఎర్రసిరాతో రాసినాడు. దెబ్బకు తీగ బాగుపడింది. నాకు తాడుసారు అని పేరు పడింది.

ఆ పేరు పెట్టింది ఐదో గేటు సాయిబన్న. వాళ్ళ గేటు కాడ కాలవ పైనుంచి కిందికి దుముకుతాది. రేయింబగళ్ళు ఆ సద్దులో ఉండి ఉండి ఆయన గొంతు పెద్దది. నాలుక దానికన్నా పెద్దది. రెండో గేటులో ఉండేది నశ్యం మామ. నాకన్నా పదేండ్లు పెద్ద. నడుముకు నశ్యం డబ్బా, మూతికి తుండుగుడ్డ. నాకు గేజి చూడడం నేర్పించింది ఆయనే. వేలిముద్ర వేసే మనిషి గానీ, నీళ్ళ రంగు చూసి పైన యాడ వాన పడిందో చెప్పేవాడు. ఫోనులో మాత్రం ఆయన మాట నిదానం. పట్టినా అన్నాక ఒక చిటికె పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, అప్పుడు గేజి చెప్పేవాడు.

ఒకనాడు అట్లనే అందరం కాసుకోని ఉంటే, సాయిబన్న ఉండబట్టలేక "మామా, పీల్చేది ఇడిసినాక తీగ ఇడిస్తివా, తీగ ఇడిసినాక పీలిస్తివా?" అని నడుమలో దూరినాడు. ఆరు గేట్లూ నవ్వినాయి. నేనూ నవ్వినాను. నవ్వి, సాయంత్రం ఓవర్సీరుకు చెప్పినాను. ఎందుకు చెప్పినానంటే, ఆ రూలు నాది. దాన్ని ఎవరన్నా గీరితే నన్ను గీరినట్లుండేది. సాయిబన్నకు మెమో వచ్చింది. రెండు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ ఎనక మాట్లాడినప్పుడు "తాడుసారు గారూ" అనేవాడు. ఆ గారు అనేది ముల్లు మాదిరి గుచ్చుకునేది.

ఇంక ఆ పొద్దు సంగతి.

వానలు మొగం చాటేసిన ఏడు అది. చేలల్లో శెనక్కాయ ఆకు ముడుచుకోనుండాది. కాలవ మాత్రం నిండుగా పారతాంది. పట్టపగలు పన్నెండుకు అందరం గేజి చెప్పాల. నేను గేజి చూసొచ్చి రిసీవరు ఎత్తినాను. అప్పుడే మామ గొంతు వినపడింది.

"రెండో గేటు. పట్టినా."

అంతే. ఆ ఎనక ఏమీ లేదు.

నశ్యం పీలుస్తాండాడు అనుకున్నాను. తుమ్ముల కోసం చూసినాను. తుమ్ములు రాలేదు. సరే, గేజి మర్చిపోయి మళ్ళా చూడ్డానికి పోయినాడేమో అనుకున్నాను. రిసీవరు చెవి కాడ పెట్టుకోని గోడకు ఆనుకోని నిలబడినాను. తీగలో ఎవరో దగ్గినారు. ఇంకెవరో ఊపిరి తీస్తాండారు. నా మాదిరే అందరూ కాసుకోనుండారు. ఆ ఊపిరి సద్దుల కింద, శానా సన్నంగా, గలగలమని ఒక సద్దు. ఎండకు తీగ వేడెక్కితే అట్లాంటి సద్దులు వస్తాంటాయి. నేను పట్టించుకోలేదు.

ఎంతసేపని నిలబడేది? రిసీవరు బల్ల మింద పెట్టి కాలవ కాడికి పోయి వచ్చినాను. గేజి రెండు అంగుళాలు దిగింది. వచ్చి మళ్ళా ఎత్తినాను. తీగ అట్లనే ఉండాది. మళ్ళా పోయినాను. నాలుగు దిగింది. నీళ్ళు ఎరుపెక్కినాయి. హెడ్డులో ఎవురూ దించలేదు, దించుంటే చెప్పేవాళ్ళు. మరి నీళ్ళు యాడికి పోతాండాయి? నాకూ హెడ్డుకూ నడుమ ఉండేది ఒకటో గేటు, రెండో గేటు.

తెలివున్నోడు ఆడనే కనుక్కోవాల. నాకూ తెలివి లేకపోలేదు. కట్ట యాడో తెగినట్లుండాది అని తోచింది. తోచినాక గూడా ఏమనుకున్నానో చెప్తాను, వినండి. మామ తీగ పట్టుకోనుండాడు గదా, ఆ సంగతి చెప్పడానికే పట్టుకోనుంటాడు, మనం నడుమలో దూరితే ఆయన మాట చెడిపోతాది. అట్ల అనుకున్నాను. పట్టినోడు అంటే ఉన్నోడే అని నా లెక్క.

చేయి పిడి మింద పెట్టినాను. తీసినాను. మళ్ళా పెట్టినాను. గది లోపల నాలుగు అడుగులు, బయట పది అడుగులు, ఇట్లనే తిరిగినాను. గోడ మింద కాగితం, దాని అడుగున ఎర్రసిరా. నేను పెట్టిన రూలు నేనే తప్పితే సాయిబన్న నన్ను బతకనిస్తాడా? ఈ మాటా అనుకున్నాను. దాచి ఏం లాభం? చెవి కాగిపోయి, రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చినాను. గదిలో నీడ గడప దాటి బయటికి పాకింది. ఒక గంటకు తక్కువ లేదు.

అప్పుడు తీగలో పెద్ద గొంతు పగిలింది.

"ఐదో గేటు. మెమో ఇచ్చుకుంటే ఇచ్చుకోండి. మామా, పలుకు."

జవాబు లేదు.

"మామా, తుమ్మన్నా తుమ్ము."

అందరి ఊపిరి నిలిచిపోయింది. ఆ గలగల ఒక్కటే మిగిలింది.

"ఏమప్పా హెడ్డాయనా, ఆ సద్దు నీళ్ళ సద్దు. పొద్దస్తమానం దుముకు కాడ పడుండేవాణ్ణి, నాకు తెలీదా? కట్ట తెగింది. తాడు పట్టినోడు బాయిలో పడుంటే మీరు తాడు చూసుకుంటా కూచున్నారు. షట్టర్లన్నీ దించు. మూడో గేటూ, నువ్వే దగ్గర. ఉరుకు."

రిసీవరు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలీదు. సైకిలు తీసినాను. కట్ట మింద నాలుగు మైళ్ళు ఎట్ల తొక్కినానో గూడా జ్ఞాపకం లేదు. ఇంత జ్ఞాపకం ఉన్న మనిషికి ఆ నాలుగు మైళ్ళు మాత్రం తుడిచిపెట్టినట్లు పోయినాయి.

రెండో గేటు గదిలో రిసీవరు తీగకు ఏలాడతాంది. కిటికీ బయట యాభై అడుగుల దూరంలో కట్టకు గండి. ఎర్రమట్టి కలిసిన నీళ్ళు చేలల్లోకి దుముకుతాండాయి. గండి పక్కన, కట్టకు పరిచిన రాళ్ళు జారి కుప్పబడిన చోట, నీళ్ళలో మామ తలా భుజాలూ కనపడినాయి. చేతిలో ఇసక సంచి కొస ఇంకా పట్టుకోనుండాడు.

నీళ్ళు ఎదురొమ్ము కాడ ఉండాయి. హెడ్డులో షట్టర్లు దించినారు గాబట్టి మెల్లగా తగ్గినాయి. ఇద్దరు గొర్లకాపర్లు పరిగెత్తుకోనొచ్చినారు. గేటు గడ్డపార తెచ్చి ముగ్గురం కలిసి రాయి ఎత్తినాము. ఆ కాలు నేను చూసినాను. దాన్ని గురించి రాయను.

బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి పోయేటప్పుడు మామ ముక్క ముక్కగా చెప్పినాడు. పన్నెండుకు ఫోనెత్తి పట్టినా అన్నాడంట. అంటానే కిటికీలోంచి కట్ట జారడం కనపడిందంట. ఒక్క సంచి అడ్డమేస్తే నిలుస్తాదని రిసీవరు వదిలేసి ఉరికినాడు. ఏసొచ్చి చెప్దాములే అనుకున్నాడు. సంచి పెట్టేలోపల రాయి జారి కాలు ఇరుక్కునింది. మొదట ఇరుక్కునిందంతే, దెబ్బ పెద్దది కాదు. ఆ ఎనక నీళ్ళు కింద మట్టిని తింటాంటే ఆ రాయి కొంచెం కొంచెం దిగుతా వచ్చింది. ఆ గంటా దిగింది. షట్టర్లు దించండి, ఎవరన్నా రాండి అని ఆడనుంచే ఫోను పక్క తిరిగి అరిచినాడంట. మనిషి గొంతు తీగలోకి రాలేదు. నీళ్ళ సద్దు వచ్చింది.

డాక్టరు మోకాలి కింద తీసేసినాడు.

పై ఆఫీసరు వచ్చి విచారణ చేసినాడు. అందరి కాడా రాయించుకున్నాడు. అందరూ ఒకటే రాయించినారు, రూలు ప్రకారం కాసుకోని ఉంటిమి అని. నేనూ అదే రాయించి సంతకం పెట్టినాను. తప్పెవరిదీ కాదని తేలింది. ఆ కాగితాల ప్రకారం ఆ పొద్దు రూలు తప్పినోడు సాయిబన్న ఒక్కడే. ఆయన పేరు కాడ ఓవర్సీరు ఏమీ రాయకుండా వదిలేసినాడు. పోయేటప్పుడు ఆఫీసరు గోడ మింది కాగితం చూసి, మంచి పద్ధతి, ఎవరు పెట్టినారని అడిగినాడు. ఎవురూ నా పక్క చూడలేదు. సాయిబన్న గూడా చూడలేదు. చూసుంటే బాగుండేది.

ఇంట్లో ఆడమనిషికి చెప్పినాను. ఆమె చాటలో కొర్రలు చెరుగుతా అంతా విని, చెరిగేది నిలిపింది.

"బాయి కాడ తాడు పట్టుకున్నామె కదలకుండా నిలబడిపోతే మేము అడగమా? ఏమ్మా, కండ్లు తిరుగుతాండాయా అని చెయ్యి పట్టుకోమా? నువ్వు మాటలు రెండే తీస్కపోయినావు. ఆడోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకుంటాంటారు, అది తీస్కపోలేదు."

నిజమే. బాయి చుట్టూ నిలబడినోళ్ళకు తాడు పట్టిన మనిషి కనపడతాది. మా తీగకు ఆ కన్ను లేదు. కన్ను లేని చోట ఆ రూలుకు ఇంకొక మాట కావాల. పట్టినోళ్ళ సద్దు నిలిచిపోతే నూరు దాకా ఎంచాల. ఎంచినాక "ఉండావా?" అని మూడుసార్లు అడగాల. జవాబు రాలేదంటే తీగ ఎవరైనా అందుకోవచ్చు, పక్క గేటోడు మాత్రం అప్పుడే బయలుదేరాల. ఓవర్సీరు కాడికి పోయి నేనే రాయించినాను. మెమో మాట తీసేయమని గూడా చెప్పినాను. ఆయన ఒక మాట అడగకుండా తీసేసినాడు. ఆ తర్వాత నేను రిటైరు అయ్యేదాకా ఆ తీగలో ఆ మాట ఎన్నోసార్లు వినపడింది. శానాసార్లు అవతలోడు చుట్ట కాల్చుకోనుండేవాడు. కాల్చుకుంటాండా, ఉండా అని జవాబు వస్తే, అందరికీ ప్రాణం లేచొచ్చేది.

అయితే నాకు నెమ్మది లేదు. మామను చూడ్డానికి పోవాల. మూడుసార్లు అనంతపురం బస్సెక్కినాను. రెండుసార్లు ఆసుపత్రి గేటు కాణ్ణుంచి తిరిగొచ్చినాను. మూడోసారి లోపలికి పోయినాను. మామ మంచం మింద గోడకు ఒరిగి కూచోనుండాడు. గడ్డం తెల్లగా పెరిగింది. నేను తీస్కపోయిన నశ్యం పొట్లం అందుకోని వాసన చూసినాడు. నేను నిలబడే ఉంటిని. దోవ పొడుగునా ఏమేమో మాటలు కూర్చుకున్నాను.

ఆయనే అడిగినాడు. "ఆ పొద్దు నువ్వు ఫోను ఎత్తింటివా?"

"ఎత్తింటి మామా."

"ఎవురెవురు ఎత్తినారు?"

అబద్ధం చెప్పుంటే పోయేది. మాటలు అల్లేదాంట్లో నన్ను మించినోడు ఆ కాలవ మింద లేడు. గానీ ఆ పొద్దు నాకు చేతగాలేదు.

"అందరమూ ఎత్తింటిమి. హెడ్డు, ఒకటి, మూడు, నాలుగు, ఐదు. ఐదుమందిమీ వింటాంటిమి."

మామ కిటికీ పక్క తిరిగినాడు. పొట్లం కొస మడిచి, విప్పి, మళ్ళా మడిచినాడు.

"ఎవురూ లేరేమో, అందరూ కూటికి పోయినారేమో అనుకుంటి. అట్ల అనుకోనే ఇన్ని దినాలు పండుకుంటాండా" అన్నాడు.

నేను పోతాను మామా అన్నాను. నిలబడలేను, కూచోలేను, కాళ్ళు వాకిలి పక్కకు లాగుతాండాయి.

ఆయన దుప్పటి కొంచెం జరిపినాడు. కాలు లేని పక్క మంచం మింద జాగా ఉండాది. ఆ జాగా మింద చేత్తో తట్టినాడు.

"యాడికి పోతావు, ఈడ కూచో."

కూచున్నాను.